ఎనిమిది గంటల హెల్సింకి

నాచారం మెయిన్ రోడ్డు మీద ఒక టైర్ల దుకాణం ఉండేది. దాని పైన రెండో అంతస్తులో కూర్చుని, రెండేళ్లకు పైగా నేను ప్రపంచంలోని ఊళ్ల మధ్య దూరాలు రాశాను. నైరోబీ నుంచి ఓస్లోకు విమానంలో ఎంతసేపు, లిమా నుంచి మనీలాకు ఎన్ని కిలోమీటర్లు, పెర్త్‌లో పొద్దున బయల్దేరితే ప్రేగ్‌లో ఎప్పుడు దిగుతారు. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడిగితే మా పేజీ కనబడాలి. దాని పక్కన హోటళ్ల ప్రకటనలు కనబడాలి. అదీ వ్యాపారం. రాసేవాళ్లం ఓ పది మందిమి ఉండేవాళ్లం. మాలో ఒక్కరికీ పాస్‌పోర్టు లేదు.

ఆ ఆఫీసు నడిపే మా సారుకు ఉండేది. దాన్ని ఆయన చొక్కా జేబులో, పైకి కాస్త కనబడేలా పెట్టుకుని తిరిగేవాడు. పెట్రోలు పోయించుకోవడానికి వెళ్లినా, కూరగాయలకు వెళ్లినా అది జేబులోనే ఉండేది. లోపల ఒక్క ముద్ర కూడా లేదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎందుకంటే టీ తాగేటప్పుడు టేబుల్ మీద పెట్టేవాడు, ఫ్యాను గాలికి పేజీలు వాటంతటవే తిరిగేవి.

ఆయనది భువనగిరి వైపు. ఉప్పల్‌లో మొదట ఎస్టీడీ బూత్ నడిపాడు, తర్వాత నీళ్ల ఫిల్టర్లు అమ్మాడు, ఆ తర్వాత కంప్యూటర్లు కొని 'గ్లోబల్' అయ్యాడు. ఆ మాట ఆయన నోట్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా వక్కపలుకులా నలుగుతూ ఉండేది. గోడకు నాలుగు గడియారాలు వేలాడదీశాడు. కింద లండన్, న్యూయార్క్, టోక్యో, నాచారం అని రాయించాడు. నాచారం గడియారం ఒక్కటే సరైన టైము చూపించేది.

నేను రామంతాపూర్‌లో డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్నాను. మా నాయిన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేవాడు. మిషన్ స్కూల్లో చదివినందువల్ల, చర్చిలో ప్రతి ఆదివారం బైబిలు వాక్యం ఇంగ్లీషులో చదివినందువల్ల నా ఇంగ్లీషు ఆ చుట్టుపక్కల గొప్పదన్న పేరు ఉండేది. ఇంటర్వ్యూలో సారు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. హైదరాబాద్ నుంచి న్యూయార్క్ ఎంత దూరం అని. తెలియదు సార్ అన్నాను.

"గుడ్. తెల్వనోళ్లే కావాలె నాకు. తెలిసినోళ్లు ఆలోచిస్తరు, టైం ఖరాబు జేస్తరు" అన్నాడు.

మర్నాడే చేరాను.

పని ఇంత తేలికగా ఉంటుందని నేను అనుకోలేదు. రెండు ఊళ్ల పేర్లు కొడితే కంప్యూటర్ వాటి మధ్య తిన్నగా గీత గీసి దూరం చెప్పేది. ఆ దూరాన్ని గంటకు ఎనిమిది వందల యాభై కిలోమీటర్ల లెక్కన భాగించి, ఎక్కడానికి దిగడానికి అరగంట కలిపితే ప్రయాణ సమయం వచ్చేసేది. ఆ గీత సముద్రాల మీదుగా పోయేది, యుద్ధాలు జరిగే దేశాల మీదుగా పోయేది, మంచు తప్ప ఏమీ లేని చోట్ల మీదుగా పోయేది. దానికి వీసా అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు, మధ్యలో ఎక్కడా ఆగాల్సిన అవసరం లేదు. భూమ్మీద ఏ విమానమూ ఆ గీత మీద ఎగరలేదు. అయినా మేం 'ప్రయాణ సమయం ఇంత' అని ధీమాగా రాసేవాళ్లం. కింద 'శుభ ప్రయాణం' అని కూడా రాసేవాళ్లం.

నా పక్క సీట్లో జనగామ నుంచి వచ్చిన ఒకాయన కూర్చునేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేదాన్ని. మౌలాలిలో రైలు పట్టాల పక్కన గది తీసుకుని ఉండేవాడు. చేరిన కొత్తలో ఆయనకు ఇంకా కాస్త నమ్మకం మిగిలి ఉండేది. ఒకరోజు లేచి వెళ్లి, ఈ రెండు ఊళ్ల నడుమ అసలు విమానమే లేదు సార్, మూడు మారాలి, ఒక రోజంతా పడుతుంది అని చెప్పాడు.

సారు ఆయన్ను జాలిగా చూశాడు. "నిన్ను విమానం నడపమన్ననా, దూరం రాయమన్ననా?"

అన్న వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఏమీ అడగలేదు. కానీ ప్రతి పేజీ పూర్తి చేశాక నా వైపు తిరిగి, చేరిన్రు చెల్లె, క్షేమంగా చేరిన్రు అనేవాడు.

దూరం, సమయం రాస్తే సరిపోదు. ప్రతి పేజీలో ఆ ఊరి గురించి కొన్ని వాక్యాలు ఉండాలి, అవి ఎక్కడినుంచీ ఎత్తినవి కాకూడదు అన్నది ఆ పని ఇచ్చే విదేశీ కంపెనీ షరతు. చూడని ఊరి గురించి, చూసినవాళ్లు రాయని వాక్యం రాయాలన్నమాట. మొదట్లో వాతావరణం, నది, మ్యూజియం అని రాసేదాన్ని. రోజూ అన్నేసి ఊళ్లు రాస్తే ఎన్ని నదులని పొగడగలం. హెల్సింకి పేజీ రాస్తున్న మధ్యాహ్నం నా దగ్గర మాటలు అయిపోయాయి. అప్పుడే మా నాయిన పనిచేసే వైపు నుంచి షిఫ్టు సైరన్ మోగింది. ఆ సైరన్ మోగగానే కిందనున్న టీ కొట్టు దగ్గర మనుషులు గ్లాసులు పెట్టేసి లేవడం మా కిటికీలోంచి కనబడేది. దాన్నే తీసుకుపోయి హెల్సింకిలో పెట్టాను. అక్కడి ఓడరేవులో రోజూ సాయంత్రం ఒక గంట మోగుతుందని, ఆ గంట వినగానే అంగళ్లవాళ్లు, దారిన పోయేవాళ్లు ఒక్క నిమిషం నిలబడిపోతారని రాశాను. రాసినందుకు నాకేమీ అనిపించలేదు. ఆ ఆఫీసులో నేను రాసిన వేల వాక్యాల్లో చదవదగ్గది అదొక్కటే.

ఇది జరిగిన కొన్నాళ్లకు మాకు పని ఇచ్చే కంపెనీ సారును పిలిచింది. వాళ్లది హెల్సింకిలోనే. వేర్వేరు దేశాల్లో వాళ్ల పని చేసిపెట్టేవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడతారట. టికెట్టు, హోటలు అన్నీ వాళ్లవే.

ఆ వార్త వచ్చిన రోజు నుంచి సారు నేల మీద నడవలేదు. ఉప్పల్‌లో కోటు కుట్టించాడు, మే నెలలో దాన్ని వేసుకుని ఆఫీసుకు వచ్చాడు. ఆయన కాలనీ సంఘంవాళ్లు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. దాంట్లో సారు రెండు చేతులూ జోడించి ఉన్నాడు, నెత్తి మీదుగా విమానం ఎగురుతోంది, పక్కన కార్పొరేటర్ మొదలు కాలనీ పెద్దల దాకా చిన్న చిన్న గుండ్రాల్లో తలకాయలు. 'హెల్సంకి పర్యటనకు వెళ్తున్న మా అన్నకు శుభాకాంక్షలు' అని రాశారు. తప్పు ఉందని నేను చెబితే, చదివేటోళ్లకు ఏం తెలుస్తది అన్నాడు సారు. మా పేజీల గురించి కూడా ఆయన అభిప్రాయం అదే కాబట్టి నేను ఊరుకున్నాను.

కనబడిన వాళ్లందరికీ ఎనిమిది గంటల ప్రయాణమని చెప్పేవాడు. పొద్దున ఇక్కడ ఇడ్లీ తిని ఎక్కితే సాయంత్రం అక్కడ టీ తాగొచ్చని చెప్పేవాడు. ఆ ఎనిమిది గంటలు మా పేజీలోవే. చేతిలో ఉన్న టికెట్టు మాత్రం ఇంకోలా చెప్పేది. హైదరాబాద్ నుంచి ముంబై, అక్కడ కొన్ని గంటలు ఆగి యూరప్‌లో ఇంకో ఊరు, అక్కడ మళ్లీ ఆగి హెల్సింకి. రోజంతా దాటిపోతుంది. జనగామ అన్న టికెట్టు చూసి మెల్లగా ఆ మాట అన్నాడు. ఆ నడుమ ఆగే టైము లెక్కలోకి రాదని సారు కొట్టిపారేశాడు.

బయల్దేరే రోజు మా అందరినీ రెండు జీపుల్లో శంషాబాద్ తీసుకుపోయారు. ఎల్బీనగర్ దాటేసరికే దండలు వాడిపోయాయి. ఎయిర్‌పోర్టు బయట సంఘంవాళ్లు ఆయన మెడలో దండలు వేసి, ఫొటోలు దిగి, జిందాబాద్ కొట్టారు. పక్కనే దుబాయ్ పోతున్న కూలీలు మూటల మీద కూర్చుని మమ్మల్ని వింతగా చూశారు. వాళ్లు అంతకు ముందు ఎన్నిసార్లు విమానం ఎక్కారో, వాళ్ల మెడలో ఎవరూ దండ వేయలేదు. సారు లోపలికి వెళ్లాక గాజు తలుపు అవతల చాలాసేపు అలాగే నిలబడ్డాడు. చెయ్యి కూడా ఊపలేదు. ఫొటో ఇంకా అయిపోలేదనుకుంటున్నాడేమో అనుకున్నాను.

వారం తర్వాత వచ్చాడు. సూట్‌కేసుకు విమానం చీటీ అలాగే వేలాడుతోంది. ఆఫీసులో అందరికీ చాక్లెట్లు పంచాడు. జనగామ అన్న తన ప్యాకెట్టును తిప్పి చూసి నా ముందు పెట్టాడు. వెనక అతికించిన ధర చీటీని గోటితో గీకారు, కానీ సరిగ్గా గీకలేదు.

"హెల్సింకిల గూడ మన రూపాయలే నడుస్తయేమో చెల్లె" అన్నాడు.

ఎయిర్‌పోర్టులో కొని ఉంటాడని నేనే సర్దిచెప్పాను. నాకు అప్పటికి అనుమానం లేదు. గొప్పలు చెప్పుకునేవాడని తెలుసుగానీ, ఊరికి వెళ్లకుండానే ఊరి గొప్పలు చెప్పగలిగేంత తెలివి ఆయనకు ఉందనుకోలేదు.

ఆ తర్వాత ఆయన వర్ణనలు మొదలయ్యాయి. ఎండాకాలంలో కూడా అక్కడ చలి ముద్దుగా ఉంటుందన్నాడు. వీధులు నీళ్లతో కడిగినట్టు ఉంటాయన్నాడు. ప్రజలు తక్కువ మాట్లాడతారు, ఎక్కువ నడుస్తారు అన్నాడు. ఆ చివరి మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది నేను రాసిన వాక్యం. ముందుదీ నాదే, దాని ముందుదీ నాదే. అవే వాక్యాలు, అదే వరుసలో చెబుతున్నాడు. నేను వేసిన కామాల దగ్గర ఊపిరి కూడా పీలుస్తున్నాడు. తర్వాతి వాక్యం ఏమిటో నాకు తెలుసు. దాని కోసం ఎదురుచూశాను. అంతలో ఫోన్ మోగి ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఆ వాక్యం సన్మాన సభలో వచ్చింది.

సన్మానం కాలనీ సంఘంవాళ్లదే. ఒక ఆదివారం నాచారంలో ఫంక్షన్ హాల్ తీసుకున్నారు. చర్చి నుంచి నేను నేరుగా అక్కడికి వెళ్లాను. వేదిక మీద వెల్వెట్ కుర్చీలు, వెనక మళ్లీ ఫ్లెక్సీ. ఈసారి విమానం కిందికి దిగుతోంది. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన్ను పొగిడారు. హెల్సింకి ఏ దేశంలో ఉందో వాళ్లలో ఎవరికీ తెలియదు. ఒకాయన అమెరికా అన్నాడు, ఇంకొకాయన లండన్ పక్కన అన్నాడు. తెలియకపోవడం వల్ల వాళ్ల గౌరవం తగ్గలేదు, ఇంకా పెరిగింది. శాలువా మీద శాలువా కప్పారు. ఆ ఉక్కలో కోటు మీద రెండు శాలువాలతో సారు చెమటలు కక్కుతూ మైకు పట్టుకున్నాడు.

సాయంత్రం అయితే ఆ ఊరి ఓడరేవులో గంట మోగుతుందని, ఊరు ఊరంతా ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోతారని, తాను కూడా నిలబడ్డానని, కళ్లల్లో నీళ్లు తిరిగాయని చెప్పాడు.

"గట్లాంటి డిసిప్లిన్ మనకెప్పుడొస్తది?" అని హాలును అడిగాడు. హాలు చప్పట్లు కొట్టింది.

మా నాయిన ఫ్యాక్టరీ సైరన్‌కు చప్పట్లు కొడుతున్న ఆ రెండు వందల మందిని నేను చూస్తూ కూర్చున్నాను. వాళ్లలో సగం మంది రోజూ అదే సైరన్ వింటూ బతికేవాళ్లు. ఎవరూ ఎప్పుడూ దానికోసం నిలబడలేదు.

తర్వాత ఉద్యోగుల తరఫున మాట్లాడమని నన్ను పిలిచారు. ఏం మాట్లాడాలో సారు ముందే చెప్పి ఉన్నాడు. ఆయన దార్శనికత గురించి నాలుగు ముక్కలు చెప్పాను. అక్కడితో ఆపి దిగిపోవాల్సింది. కానీ పక్కన ఆయన చిరునవ్వుతో తలాడిస్తూ కూర్చున్న తీరు చూస్తే నాకు కారం తిన్నట్టయింది. మైకు వదల్లేదు.

"సార్, ఆ గంట కొట్టేది ఒక ముసలమ్మ అని చదివిన. మీరు చూసిన్రా ఆమెను?" అని అడిగాను.

అలాంటిదేదీ నేను ఎక్కడా చదవలేదు, రాయలేదు. అప్పటికప్పుడు నోటికి వచ్చింది. సారు ఒక్క క్షణం నన్ను చూశాడు. ఆయన కళ్లలో లెక్క నడవడం నాకు కనబడింది. చూడలేదంటే పోయేది ఏమీ లేదు. కానీ చూడలేదని చెప్పడం ఆయనకు చేతకాదు.

"ఎందుకు చూడలే. మస్తు వయసుంటది. నన్ను చూసి చెయ్యి గూడ ఊపింది" అన్నాడు.

మళ్లీ చప్పట్లు. జనగామ అన్న దగ్గు వచ్చినట్టు కర్చీఫ్ మొహానికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను దిగి వస్తుంటే ముందు వరుసలో ఒక్క మనిషి మాత్రం చప్పట్లు కొట్టకుండా నన్నే చూస్తోంది. ఆమె సారు భార్య. ఆఫీసులో అందరం మేడమ్ అనేవాళ్లం. పండుగలప్పుడు తప్ప కనిపించేది కాదు, పలకరిస్తే నవ్వేది, అంతే.

భోజనాల దగ్గర ఆమె బగారన్నం ప్లేటు పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

"గంట ముచ్చట నువ్వు రాసిందేనా?" అని అడిగింది.

అవునన్నాను.

"అనుకున్న. ఆయనకు గంత ఆలోచన రాదు."

నా పక్క కుర్చీలో కూర్చుని తింటూ, కూర బాగుందో లేదో చెప్పినంత మామూలుగా జరిగిందంతా చెప్పింది. సారు ముంబై దాకా విమానంలో వెళ్లిన మాట నిజం. ఆయన జీవితంలో అదే మొదటి విమానం. అది గాల్లోకి లేవగానే పక్క సీటు మనిషి చెయ్యి పట్టుకున్నవాడు కిందికి దిగేదాకా వదల్లేదట. ముంబైలో రెండో విమానం దగ్గర వరుసలో నిలబడ్డాడు, తన వంతు వచ్చేసరికి వెనక్కి తిరిగి బయటికి వచ్చేశాడు. మేడమ్ వాళ్లన్న ముంబై పక్కనే భివండిలో మరమగ్గాల మీద పని చేస్తాడు. ఆయనకు ఫోన్ చేస్తే వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. వారం రోజులు సారు ఆ ఒక్క గదిలో, మగ్గాల చప్పుడులో, గడప దాటకుండా పడుకున్నాడు. కోటు తీసి కొయ్యకు తగిలించాడట, వాళ్ల పిల్లలు దాన్ని వేసుకుని ఆడుకున్నారట. వచ్చేటప్పుడు రైల్లో వచ్చాడు.

పాపం భయమేసి ఉంటుంది మేడమ్ అన్నాను.

ఆమె ముద్ద ప్లేటులో పెట్టేసింది. "భయపడ్డడని నేనేమన్లే. భయం ఎవలకైనా అయితది. నేనైతే ఆ మొదటిది గూడ ఎక్కకపోయేదాన్ని. గానీ మా అన్న ఫోన్ల నాకు అంతా చెప్పిండని ఎరికుండి గూడ, ఇంటికొచ్చి నాకే హెల్సింకి ముచ్చట్లు చెప్పిండు. నేను అన్నం పెడ్తనే ఉన్న, ఆయన చెప్తనే ఉన్నడు. గందుకు మండింది నాకు."

మరి మీరు అడగలేదా అన్నాను.

"ఏమడగాలె? అడిగితే ఇంకోటి చెప్తడు." మళ్లీ ముద్ద కలుపుతూ అంది, "ఇయ్యాల నువ్వు ముసలమ్మ గురించి అడిగినవ్ జూడు, జర కడుపు సల్లగయింది."

లేచి వెళ్లబోతూ, ఇంతకూ ఆ ఊళ్లో నిజంగా గంట ఉందా అని అడిగింది. లేదు మేడమ్, అది మా నాయిన ఫ్యాక్టరీ సైరన్ అని చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వింది. దూరంగా వేదిక దగ్గర ఫొటోలు దిగుతున్న సారు అటు తిరిగి, భార్య అంత సంతోషంగా నవ్వడం చూసి, తనూ నిండుగా నవ్వాడు.

ఎందుకు రాలేదని విదేశీ కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే సారు జ్వరం అని చెప్పాడట. వాళ్లు నమ్మారో లేదో గానీ, కొన్నాళ్లకు పని తగ్గిపోయింది. సారు తప్పు వల్ల కాదు. అప్పటికి మా లాంటి పేజీలు మిడతల దండులా పెరిగిపోయాయి. మా దగ్గర ఎత్తి రాసినవి, వాళ్ల దగ్గర ఎత్తి మేం రాసినవి. ఏ ఊరి పేజీ తెరిచినా ప్రజలు తక్కువ మాట్లాడతారు, ఎక్కువ నడుస్తారు. ఇక ఆ పనికి మనుషులతో అవసరం లేదని ఆ విదేశీ కంపెనీకి అర్థమైంది. ఆఫీసు మూసేశారు. బందుల వల్ల నష్టపోయి మూసేశానని సారు ఉప్పల్‌లో చెప్పాడు. తెలంగాణ కోసం కంపెనీని త్యాగం చేశానని నాచారంలో చెప్పాడు. రెండు చోట్లా ఆయనకు మళ్లీ శాలువాలు కప్పారు.

జనగామ అన్న తార్నాకలో కొరియర్ ఆఫీసులో చేరాడు. ఇప్పుడు చెప్పిన టైముకు నిజంగా చేర్చాలి చెల్లె, మస్తు కష్టమున్నది అని ఒకసారి కలిసినప్పుడు అన్నాడు. నేను మల్లాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. మేడమ్ మళ్లీ నాకు కనబడలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నెలలోనే సారు నాకు ఫోన్ చేశాడు. అప్పుడు నేను ఉప్పల్ బస్టాపులో నిలబడి ఉన్నాను. మెట్రో కోసం తవ్విన రోడ్డు మధ్యలో స్తంభాలు లేచి నిలబడ్డాయి. వాటి కింద ఏదో ఊరేగింపు, డప్పులు, గులాలు. విదేశీ చదువుల కన్సల్టెన్సీ పెట్టానని చెప్పాడు. దాని ఫ్లెక్సీ నేను అప్పటికే చూశాను. 'ఇరవై దేశాల అనుభవం' అని ఉంది. ఘట్‌కేసర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు చాలామంది వస్తున్నారట. వాళ్ల పక్కన కూర్చుని ఆ దేశాల్లో చదువు, చలి, తిండి ఎలా ఉంటాయో ఓపికగా చెప్పే మనిషి కావాలట.

నేను ఇప్పటిదాకా ఏ దేశమూ పోలేదు సార్, నాకేం తెలుసని చెబుతాను అన్నాను.

"పోయినోళ్లకే తెలుస్తదా ఏంది? పోయినోడు ఒక్క ఊరే చూస్తడు" అన్నాడు.

నవ్వుతూ అన్న మాట కాదది. గొంతులో వెటకారం లేదు, తడబాటు లేదు. నాకు అన్నీ తెలుసని ఆయనకు తెలియకపోవచ్చు. లేక తెలిసి కూడా, ఆయనకు అది పెద్ద విషయంగా కనబడకపోవచ్చు. అన్నేళ్లుగా ఆ మనిషిని లోపల ఎన్ని మాటలు అనుకున్నానో, ఒక్కటీ ఆయన్ను తాకలేదని అప్పుడు తెలిసింది. ఆ గంట విని హెల్సింకిలో నిజంగా నిలబడ్డ మనిషిలాగే మాట్లాడుతున్నాడు.

నేను రాను సార్ అన్నాను. డప్పుల చప్పుడులో ఆయనకు వినబడలేదు. ఏందమ్మా అన్నాడు. రాను అని ఈసారి గట్టిగా, పక్కనున్నవాళ్లు తిరిగి చూసేలా అన్నాను.

"మంచిది. సోమవారం నుంచి రా మరి" అని ఫోన్ పెట్టేశాడు.

సోమవారం నేను బడికి వెళ్లాను. పది గంటలప్పుడు క్లాసులో ఉండగా రెండుసార్లు ఫోన్ మోగింది, సారు నంబరే. సైలెంట్‌లో పెట్టి పిల్లల కాపీలు దిద్దుకున్నాను.